మూడో గడి పెన్సిలుతో

పాత పుస్తకాల పెట్టె సర్దుతుండగా మొన్నొక నోటు పుస్తకం చేతికి దొరికింది. అట్ట ఊడిపోయి, అంచులు చిట్లి, కుట్టుదారం ఒకచోట బయటికి వేలాడుతున్న ఆ పుస్తకంలో ప్రతి పేజీనీ రెండు నిలువు గీతలు మూడు గడులుగా విడదీస్తున్నాయి. మొదటి గడిలో నీలి సిరాతో ఒక ఇంగ్లీషు జాతీయం, రెండో గడిలో అదే సిరాతో దాని అర్థం తెలుగులో, మూడో గడిలో పెన్సిలుతో రాసిన వివరణ ఉన్నాయి. మొదటి రెండు గడులూ నిన్ననో మొన్ననో రాసినంత శుభ్రంగా ఉంటే, మూడో గడి నిండా చెరిపిన మరకలే. కొన్నిచోట్ల రబ్బరు రాపిడికి కాగితం పలచబడి, వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే వెనక పేజీలోని అక్షరాలు కుడిఎడమలై ఇవతలికి కనిపిస్తున్నాయి. బడిలో మొదలుపెట్టి, ఉద్యోగంలో చేరాక కూడా వదలక, ముప్ఫై ఏళ్ళకు పైగా నేను రాస్తూ చెరుపుతూ వచ్చిన పుస్తకం అది. దాన్ని ముందేసుకొని కూర్చున్నాక పెట్టె సర్దడం ఆ రోజుకు ఆగిపోయింది.

ఆ గడుల ఆలోచన నాది కాదు, తొమ్మిదో తరగతిలో మాకు ఇంగ్లీషు చెప్పిన మాస్టారిది. ఆయన రోజూ పాఠం మొదలుపెట్టే ముందు బోర్డు మీద ఒక మూలన రెండు జాతీయాలనూ వాటి అర్థాలనూ రాసి, మర్నాటికి అప్పజెప్పమనేవారు. తక్కిన పిల్లలకు అందులో ఇబ్బందేమీ ఉండేది కాదు. నాకు మాత్రం లెక్కలు ఎక్కినంత సులువుగా అవి బుర్రకెక్కేవి కావు. రెండు రెళ్ళు నాలుగు ఎందుకయిందో వేళ్ళ మీద చూపించవచ్చు గాని, 'కిక్ ది బకెట్' అంటే, బకెట్టును తన్నినవాడు చచ్చిపోయినట్టు ఎందుకయిందో దేని మీద చూపించాలి? ఒకరోజు ఆయన 'హెడ్ ఓవర్ హీల్స్' అని రాసి, ప్రేమలోనో మరొకదానిలోనో తలకిందులుగా పడిపోవడం అని అర్థం చెప్పారు. హెడ్ అంటే తల, హీల్స్ అంటే మడమలు, ఓవర్ అంటే పైన. నేను లేచి నిలబడ్డాను.

“మాస్టారూ, ఇప్పుడు నా తల మడమల పైనే ఉంది కదండీ. మరి నేను తలకిందులుగా ఉన్నట్టా?”

తరగతి అంతా గొల్లుమంది. మాస్టారు నవ్వలేదు. సుద్దముక్కను చేతిలో అటూ ఇటూ తిప్పుతూ బోర్డు మీది ఆ మూడు మాటలనూ కాసేపు చూశారు.

“నువ్వన్నది నిజమేరా. ఇన్నేళ్ళుగా చెబుతున్నాను గాని నాకెప్పుడూ తట్టలేదు. ఒక పని చెయ్యి. నోటు పుస్తకంలో మూడు గడులు గీసుకో. మాట ఒకదానిలో, అర్థం ఒకదానిలో రాయి. ఆ మాటకు ఆ అర్థం ఎందుకొచ్చిందో తెలిసిన రోజున మూడోదానిలో రాయి. మొదటి రెండూ సిరాతో రాసుకో. మూడోది మాత్రం పెన్సిలుతో.”

“పెన్సిలుతో ఎందుకండీ?”

“రాయడం మొదలుపెడితే నీకే తెలుస్తుంది. కూర్చో.”

ఆ మొదటి మాట పక్కనున్న మూడో గడి సరిగా నిండడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. అంతవరకూ అక్కడ నా బుద్ధికి తోచిన సమాధానమే ఉండేది: పడేవాడు పల్టీలు కొడతాడు, పల్టీ కొట్టేవాడి తల ఒకసారి కిందా ఒకసారి పైనా ఉంటుంది, కనుక రెండింటిలో ఏదో ఒకటి చెప్పి ఊరుకున్నారని. ఉద్యోగ ప్రయత్నాల రోజుల్లో ఒక గ్రంథాలయంలో, ఒక్కొక్క మాట ఏ కాలంలో ఎలా వాడారో ఉదాహరణలతో చూపించే పెద్ద నిఘంటువు దొరికింది. 14వ శతాబ్దం నాటికి ఇంగ్లీషువాళ్ళు ఈ మాటను 'హీల్స్ ఓవర్ హెడ్' అనే అనేవారట. మడమలు పైన, తల కింద. మన తలకిందులు ఎలాగో అదీ అలాగే. 18వ శతాబ్దంలో మాటల వరుస తారుమారైంది, ఆ తారుమారే నిలిచిపోయింది. తలకిందులు కావడాన్ని చెప్పే మాట తానే తలకిందులైందన్నమాట. గ్రంథాలయం బల్ల దగ్గర ఒక్కణ్ణే కూర్చొని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వుకున్నాను. ఆ రోజు గొల్లుమన్నవాళ్ళలో ఒక్కడైనా పక్కన లేకపోయాడే అనిపించింది.

కేకు మాట కూడా అలాంటిదే. 'యూ కాంట్ హావ్ యువర్ కేక్ అండ్ ఈట్ ఇట్' అని మాస్టారు రాసిన రోజున నేను లేవలేదు గాని, పుస్తకంలో ఆ వరుస పక్కన ఒక పెద్ద ప్రశ్నార్థకం వేసుకున్నాను. కేకు ఉన్నవాడే కదా తినేది, లేనివాడు ఎలా తింటాడు? తినాలంటే ముందు ఉండితీరాలి గదా, మరి రెండూ కుదరవనడంలో అర్థమేమిటి? ఇక్కడ 'హావ్' అంటే కలిగి ఉండడం కాదు, ఖర్చు కాకుండా అట్టిపెట్టుకోవడం అని గ్రహించాక సగం చిక్కు విడిపోయింది. మాటల వరుస మార్చి చూస్తే తక్కిన సగమూ విడిపోయింది: తినేశాక కూడా అది అక్కడే ఉండాలంటే కుదరదు. 1546లో జాన్ హేవుడ్ కూర్చిన సామెతల పుస్తకంలో ఉన్నది ఈ వరుసే, తినడం ముందు, ఉండడం తరువాత.

ఈ వరుస తేడా ఒక హంతకుణ్ణి పట్టించడంలోనూ సాయపడింది. అమెరికాలో 1978 నుంచి 1995 దాకా బాంబులు పంపుతూ ముగ్గురిని చంపిన టెడ్ కజిన్‌స్కీ, 1995లో పత్రికలో అచ్చు వేయించుకున్న సుదీర్ఘమైన ప్రకటనలో కేకు సామెతను పాత వరుసలో, తినడం ముందుగా రాశాడు. ఆ ప్రకటన చదివి ఇది మనవాడి రాతేనేమో అని మొదట అనుమానించింది అతని తమ్ముడూ మరదలూ. తరువాత దర్యాప్తులో అతడి పాత ఉత్తరాలను ఆ ప్రకటనతో పోల్చి చూసినప్పుడు, అందులోనూ కేకు సామెత అదే వరుసలో కనిపించింది. 1996 ఏప్రిల్‌లో పట్టుబడ్డ ఆ మనిషి ఒకప్పుడు విశ్వవిద్యాలయంలో గణితం బోధించినవాడు. ఇది చదివినప్పుడు నాకు కొంచెం ఇబ్బందిగానే అనిపించింది. లోకమంతా ఒకలా అంటుంటే, తర్కానికి సరిపోయేలా మరొకలా అనాలని పట్టుబట్టే మనిషి గుంపులో ఎంత తేలిగ్గా దొరికిపోతాడో గదా అనుకున్నాను. ఆ తరువాత కొన్నాళ్ళపాటు ఇతరుల ఇంగ్లీషును సరిదిద్దే అలవాటు నాలో తగ్గింది.

పుస్తకంలో చదివి తెలుసుకోవడం ఒక ఎత్తు, చెవిన పడగానే తెలియడం మరొక ఎత్తు. ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం ఒక రాత్రి డ్యూటీలో ఉండగా, మా యంత్రాలను దూరం నుంచి కనిపెట్టి చూసే విభాగంవారు విదేశం నుంచి ఫోను చేశారు. అవతలి మనిషి తొందరలో ఉన్నాడు. 'ది అలారమ్ వెంట్ ఆఫ్ ఎట్ టూ' అని చెప్పి, సంగతి చూడమని ఫోను పెట్టేశాడు. లైటు వెంట్ ఆఫ్ అంటే ఆరిపోయిందని ఎరిగిన నేను, 'రెండు గంటలకు అలారం పనిచేయడం మానేసింది' అని రిజిస్టరులో దస్తూరి కుదిరించి మరీ రాశాను. తెల్లవారాక వచ్చిన ఇంజనీరు ఆ వాక్యం చదివి, అలారం పెట్టె విప్పి, తీగలన్నీ ఒక్కొక్కటే పరీక్షించి, ఎక్కడా లోపం కనబడక, చివరికి అవతలివాళ్ళకు ఫోను చేశారు. అలారం ఆగిపోలేదు, మోగింది. అది ఎందుకు మోగిందో చూడమని వాళ్ళు చెబితే, ఎందుకు మోగడం లేదో తేల్చడానికి మేము పొద్దంతా కుస్తీపట్టాం. ఆయన కోప్పడలేదు. రిజిస్టరు నా ముందుకు జరిపి, నా వాక్యం కింద వేలు పెట్టి, “మోగడానికీ మూగబోవడానికీ తేడా ఉంది బాబూ” అన్నారు. అంత పొందికగా తిడితే బదులేం చెబుతాం?

ఆ రాత్రి గదికి వెళ్ళి పుస్తకంలో కొత్త పేజీ తీశాను. లైటు 'ఆఫ్' అయితే ఆరుతుంది, అలారం 'ఆఫ్' అయితే మోగుతుంది, తుపాకి 'ఆఫ్' అయితే పేలుతుంది, పాలు 'ఆఫ్' అయితే విరుగుతాయి. నాలుగింటికీ ఒకే మాట. మూడో గడిలో నేను రాసిన సమాధానం ఇప్పటికీ చెరపలేదు: ఆఫ్ అంటే ఉన్న స్థితి నుంచి విడివడి పోవడం. వెలుగుతున్నది విడివడితే ఆరిపోతుంది. బిగించి పెట్టి ఉంచినది విడివడితే ఒక్కసారిగా బయటికి దూకుతుంది. బాగున్నది విడివడితే పాడవుతుంది. ఏ స్థితి నుంచి విడివడిందో ఆ వస్తువును బట్టి మనమే ఊహించుకోవాలి. ఇంగ్లీషులో ఈ చిన్న చిన్న మాటలే ప్రాణాంతకం. పెద్ద మాటలకైతే నిఘంటువు ఉంది, ఆఫ్, అప్, అవుట్ లాంటివాటికి అనుభవమే ఉంది.

పుస్తకం మధ్యలో కొన్ని పేజీల మూడో గడిలో రాతకు బదులు బొమ్మలున్నాయి. ఒక తెరచాప పడవ, దాని చుట్టూ గాలి ఎటు వీస్తోందో చూపించే బాణాలు. అది 'బై అండ్ లార్జ్' కోసం వేసుకున్నది. మొత్తం మీద అని దాని అర్థం. వ్యాకరణం చదివినవాడికి ఒళ్ళు మండించే మాట అది. విభక్తినీ విశేషణాన్నీ పక్కపక్కన పెట్టి 'చేత మరియు పెద్ద' అన్నట్టుంటుంది. 17వ శతాబ్దపు నావికుల నోట అది చాలా సూటి మాట. గాలికి వీలైనంత ఎదురుగా నడపడం 'బై', గాలి పక్కనుంచో వెనకనుంచో అనుకూలంగా వీస్తుండగా నడపడం 'లార్జ్'. ఎదురుగాలిలోనూ అనుకూలపు గాలిలోనూ బాగా నడిచే ఓడ మొత్తం మీద మంచి ఓడ. సముద్రం దాటి నేల మీదికి వచ్చేటప్పటికి గాలీ ఓడా జారిపోయి, 'మొత్తం మీద' ఒక్కటే మిగిలింది. తప్పతాగినవాణ్ణి 'త్రీ షీట్స్ టు ది విండ్' అనడమూ అక్కడిదే. షీటు అంటే నేను చాలాకాలం తెరచాప గుడ్డ అనుకున్నాను. ఓడ మీద షీటు అంటే చాప అంచును బిగించే తాడు. మూడు తాళ్ళు ఊడి గాలికి కొట్టుకుంటుంటే చాప పట్టు తప్పి ఓడ తూలుతుంది. ఇంత సుబ్బరమైన ఉపమానాన్ని తాడు అనే ఒక్క అర్థం తెలియక వెర్రిమాట అనుకున్నానే అని నొచ్చుకున్నాను. బాణాలతో ఉన్న ఆ బొమ్మ కింద 'మాటది కాదు తప్పు, నాది' అని రాసుకున్నాను.

అన్నింటినీ అలా సమర్థించలేం. 'పుల్ యువర్‌సెల్ఫ్ అప్ బై యువర్ బూట్‌స్ట్రాప్స్' అనే మాటను ఒక శిక్షణ తరగతిలో విన్నాను. ఎవరి సాయమూ లేకుండా స్వశక్తితో పైకి రావాలని ప్రోత్సహిస్తూ ఒక వక్త దాన్ని పదేపదే అన్నారు. బూటు మడమ వెనక ఉండే పట్టీని పట్టుకొని లాగితే బూటు ఎక్కుతుంది గాని మనిషి లేవడు. కూర్చున్నచోటే నా బూటు పట్టీ పట్టి ఒకసారి లాగి కూడా చూశాను. పక్కన కూర్చున్నాయన ఏమనుకున్నాడో తెలియదు. తరువాత తెలిసిందేమిటంటే, ఆ మాట పుట్టిందే అసాధ్యాన్ని ఎగతాళి చేయడానికి. నిరంతరం తనంతట తానే తిరిగే యంత్రాన్ని కనిపెట్టానని చెప్పుకున్న ఒకాయనను వెక్కిరిస్తూ 1834లో ఒక అమెరికన్ పత్రిక, ఇక ఆయన తన బూటు పట్టీలు పట్టుకొని తనను తానే నది దాటించుకోగలడని రాసింది. 20వ శతాబ్దం వచ్చేసరికి ఆ వెక్కిరింతే హితబోధగా మారిపోయింది. ఇదే మాట నుంచి కంప్యూటరు 'బూట్' అవడమూ వచ్చింది. ప్రోగ్రాములను ఎక్కించే ప్రోగ్రామును ముందుగా ఎవరు ఎక్కించాలన్న చిక్కును విప్పిన ఇంజనీర్లు దానికి బూట్‌స్ట్రాప్ అని పేరు పెట్టారు. వక్త కంటే ఇంజనీర్లకే ఆ మాటలోని అసంభవం బాగా అర్థమైందని నా అభిప్రాయం.

'హాబ్సన్స్ చాయిస్' పేజీలో చెరుపుళ్ళు లేవు. ఎంపిక అనిపేరే గాని ఎంపిక లేకపోవడం దాని అర్థం. 1544 నుంచి 1631 దాకా జీవించిన కేంబ్రిడ్జి వాస్తవ్యుడు థామస్ హాబ్సన్ గుర్రాలను అద్దెకు ఇచ్చేవాడు. మంచి గుర్రాలనే అందరూ అడిగి వాటి నడుములు విరగ్గొడుతున్నారని, తలుపు దగ్గర ఏది ఉంటే అదే తీసుకోవాలి, లేదంటే లేదు అని నియమం పెట్టాడు. గుర్రాలన్నింటికీ వంతు సమానంగా పడేది. మనిషి, ఊరు, కారణం అన్నీ చేతికి దొరికిన మాట అది ఒక్కటే కావడంతో దాని మీద నాకు ప్రత్యేకమైన అభిమానం.

ఇక ఎక్కువసేపు నన్ను ఆపేసిన పేజీ పిల్లులదీ కుక్కలదీ. 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' అంటే కుండపోతగా కురవడం. పుస్తకం మొత్తంలో మూడో గడిలో సిరా కనిపించే పేజీ ఇదొక్కటే. 1999 ప్రాంతంలో ఈమెయిళ్ళలో చక్కర్లు కొట్టిన ఒక వ్యాసం నాకూ చేరింది. 1500ల నాటి ఇంగ్లండులో ఇళ్ళన్నీ గడ్డికప్పులట, వెచ్చదనం కోసం పిల్లులూ కుక్కలూ ఆ కప్పులో పడుకునేవట, పెద్దవాన వస్తే గడ్డి జారి అవి కింద పడేవట, అందుకే ఆ మాట వచ్చిందట. చదవగానే ఇరవై ఏళ్ళ దాహం తీరినట్టయింది. పెన్సిలు వెతుక్కునే ఓపిక లేక, చేతిలో ఉన్న పెన్నుతోనే గడి అంచులు దాటేలా రాసేశాను. కనిపించిన ప్రతివారికీ చెప్పాను. ఒక సమావేశంలో అందరి ముందూ చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

ఆ సమావేశం అయిపోయాక పెద్దాయన ఒకరు నా దగ్గరికి వచ్చి, చాలా మర్యాదగా ఒక్క ప్రశ్న అడిగారు. “కుక్క ఇంటి కప్పు ఎలా ఎక్కుతుందండీ?”

నా దగ్గర సమాధానం లేదు. హెడ్ ఓవర్ హీల్స్ దగ్గర లేచి నిలబడ్డ కుర్రవాడు ఈ కథ దగ్గర ఎందుకు కూర్చుండిపోయాడన్నది ఇప్పటికీ నన్ను గుచ్చే ప్రశ్న. తరువాత వెతికితే ఆ ఈమెయిలు ఉత్త కల్పన అని తేలింది. 1651లో హెన్రీ వాన్ అనే కవి కుక్కలూ పిల్లులూ జల్లుగా కురవడాన్ని ప్రస్తావించాడు. 1738లో అచ్చయిన పుస్తకంలో రచయిత జోనథన్ స్విఫ్ట్ దాదాపు నేటి రూపంలోనే వాడాడు. అదే స్విఫ్ట్ 1710లో లండన్ వాన మీద రాసిన పద్యంలో వరదనీటి వెంట కుక్కపిల్లలూ చచ్చిన పిల్లులూ కొట్టుకుపోవడాన్ని వర్ణించాడు గాని, జాతీయం దాన్నుంచే పుట్టిందని కథ కట్టడానికి ఈసారి నాకు ధైర్యం చాలలేదు, ఎందుకంటే జాతీయం అంతకంటే పాతది. తెలిసిన సంవత్సరాలు మాత్రం రాసుకున్నాను. ముందు రాసినది సిరా కనుక చెరగలేదు. అడ్డంగా కొట్టేసిన నీలిగీతల కిందనుంచి గడ్డికప్పూ కుక్కా ఇంకా చదవడానికి వీలుగానే ఉన్నాయి. పెన్సిలుతో ఎందుకో నాకు అప్పుడు తెలిసింది.

'ది ఎక్సెప్షన్ ప్రూవ్స్ ది రూల్' దగ్గర దీనికి సరిగ్గా ఎదురు జరిగింది. మినహాయింపు ఉంటే నియమం తప్పవుతుంది గాని రుజువెలా అవుతుందని చాలా ఏళ్ళు దాన్ని ఉత్త మొండివాదన కింద జమకట్టాను. ప్రూవ్ అంటే పూర్వం పరీక్షించడం అనే అర్థం ఉండేది గనుక, మినహాయింపు నియమాన్ని పరీక్షకు పెడుతుందని చెప్పేవారు కొందరున్నారు. వినసొంపుగా ఉంది గాని అసలు దారి అది కాదు. న్యాయవాదుల లాటిన్ సూత్రం ఒకటుంది: ఒకచోట మినహాయింపు చెప్పారంటే, చెప్పని చోట్ల నియమం ఉన్నట్టే. క్రీ.పూ. 56లో బాల్బస్ అనే అతడి రోమన్ పౌరసత్వాన్ని సమర్థిస్తూ సిసిరో అనే రోమన్ న్యాయవాది చేసిన వాదన ఇదే: కొన్ని జాతులతో చేసుకున్న ఒప్పందాలలో వారికి పౌరసత్వం ఇవ్వరాదని ప్రత్యేకంగా రాశారంటే, అలా రాయని ఒప్పందాలలో ఇవ్వవచ్చుననే కదా అర్థం. తలుపు మీద 'ఆదివారం ప్రవేశం లేదు' అని రాసి ఉంటే తక్కిన ఆరు రోజులూ తలుపు తెరిచే ఉంటుందని వేరే చెప్పనక్కరలేదు. వెర్రిదనుకున్న మాట ఇంత పదునైన తర్కం అయి కూర్చుంది. తర్కబద్ధం అనుకొని సిరాతో రాసిన కథ కుక్కతోసహా కప్పు మీదనుంచి జారిపడింది.

ఎందుకిలా మోసపోతామో చెప్పే ఒక ప్రయోగం గురించి చదివాక నా మీద నాకున్న కోపం కాస్త తగ్గింది. 1995లో బోయజ్ కీసర్, బ్రిజెట్ బ్లై అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లీషు మాతృభాషగా గలవారికే, వాడుకలోంచి జారిపోయిన పాత జాతీయాలు కొన్నింటిని నేర్పారు. 'ది గూస్ హ్యాంగ్స్ హై' అనేది అందులో ఒకటి. బాతు ఎత్తుగా వేలాడుతోంది అని మాటకు మాట. కొందరికి దాని అసలు అర్థం, అంతా శుభంగా ఉందని నేర్పారు. కొందరికి సరిగ్గా విరుద్ధమైన అర్థం నేర్పారు. ఏ అర్థం నేర్చుకున్నవారికి ఆ అర్థమే సహజంగా తోచింది. పైగా, ఏమీ నేర్చుకోనివారు విన్నా ఇదే అర్థం ఊహిస్తారని వారు అనుకున్నారు. అంటే హేతువు మాటలో ముందే కూర్చొని మనకోసం ఎదురుచూడడం లేదు. అర్థం తెలిశాక హేతువును మనమే అల్లి మాటకు తొడుగుతున్నాం. ఆ పరిశోధన గురించి చదువుతున్నంతసేపూ నా కళ్ళ ముందు మెదిలింది మూడో గడి నిండా నేను పోగేసిన పెన్సిలు రాతలే.

ఇది మాతృభాషలో మాట్లాడేవారికీ తప్పదు. ఓక్ చెట్టు కాయను ఇంగ్లీషులో 'ఏకార్న్' అంటారు. కొందరు దాన్ని 'ఎగ్ కార్న్' అని విని, అలాగే రాస్తారు. గుడ్డు ఆకారంలో ఉంది కనుక వారికి అదే సబబుగా తోచింది. ఇలాంటి పొరపాట్లన్నింటికీ కలిపి 'ఎగ్‌కార్న్' అని పేరు పెట్టాలని 2003లో జెఫ్రీ పుల్లమ్ అనే భాషాశాస్త్రవేత్త సూచిస్తే అదే స్థిరపడింది. అమెరికన్లు 'ఐ కుడ్ కేర్ లెస్' అని, లేశమైనా పట్టింపు లేదనే అర్థంలో అంటారు. అసలు మాట 'ఐ కుడ్‌న్ట్ కేర్ లెస్'. 'కుడ్‌న్ట్' లోని లేదు ఎగిరిపోయింది, అర్థం మాత్రం చెక్కుచెదరలేదు. లేదు అన్నా లేకపోయినా ఒకటే అయిన ఈ మాట మీద కోప్పడి ప్రయోజనం లేదని నేను చాలా ఆలస్యంగా గ్రహించాను.

నిజానికి ఇదంతా మన ఆలంకారికులు ఎప్పుడో చెప్పి పెట్టారు. 11వ శతాబ్దపు మమ్మటుడు కావ్యప్రకాశంలో లక్షణను, అంటే మాట తన అసలు అర్థాన్ని వదిలి మరో అర్థం ఇవ్వడాన్ని వివరిస్తూ 'కర్మణి కుశలః' అనే ఉదాహరణ ఇచ్చాడు. కుశల అంటే దర్భలు కోసి తెచ్చేవాడు; వేలు తెగకుండా దర్భ కోయాలంటే నేర్పుండాలి గనుక నేర్పరి అనే అర్థం రూఢి అయింది. ఇప్పుడు కుశలమా అని అడిగేవాడికి దర్భ గుర్తుకు రాదు, రావలసిన పనీ లేదు. పంకజం అంటే బురదలో పుట్టినది. కప్పా బురదలోనే పుడుతుంది, అయినా పంకజం అంటే తామరే. యోగం కంటే, అంటే మాట విడగొడితే వచ్చే అర్థం కంటే, వాడుకలో స్థిరపడ్డ రూఢి బలమైనదని శాస్త్రం. తెలుగు క్లాసులో ఇది చదివి మార్కులు కూడా తెచ్చుకున్న నేను, పక్క పీరియడులో ఇంగ్లీషు బోర్డు మీద తల పైనా మడమలు పైనా అని తగువుపడ్డాను. రెండు పుస్తకాలూ ఒకే సంచిలో మోశాను గాని రెండింటినీ ఒకేసారి తెరిచి చూడలేదు.

మా కార్యాలయంలో ఈ మధ్య చేరిన ఒకమ్మాయి మాతృభాష తెలుగు కాదు. శ్రద్ధగా నేర్చుకుంటోంది. ఆమె అడగడం మొదలుపెట్టాకగాని, నేను రోజూ ఎలాంటి మాటలు అంటున్నానో నాకు తెలిసిరాలేదు. అడిగినదానికి జవాబు చెప్పకుండా నీళ్ళు నమిలాడు అంటే, నీళ్ళను ఎలా నమిలాడని అడిగింది. దొంగ కాళ్ళకు బుద్ధి చెప్పాడంటే, కాళ్ళు అతనికి చెప్పాలి గాని అతను కాళ్ళకు చెప్పడమేమిటంది. ఎదురుచూసి ఎదురుచూసి కళ్ళు కాయలు కాచాయంటే, ఏ కాయలు సర్ అని అడిగింది. నేను ఒక్కొక్కదానికీ వెంటనే కారణం చెప్పబోయి, కప్పు మీది కుక్క గుర్తుకొచ్చి ఆగిపోయేవాణ్ణి. చివరికి ఒక నోటు పుస్తకం తెచ్చుకొని మూడు గడులు గీసుకోమని చెప్పాను. పెన్సిలు సంగతి చెప్పడం మరిచాను.

పెట్టెలో దొరికిన నా పుస్తకాన్ని ఆమెకు చూపిద్దామని సోమవారం కార్యాలయానికి పట్టుకెళ్ళాను. ఆమె తన పుస్తకం ముందుగా నా చేతికిచ్చింది. చివరి వరుసలో, మొదటి గడిలో, 'తల ప్రాణం తోకకు వచ్చింది' అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. రెండో గడిలో, చాలా అవస్థపడ్డాను అని ఉంది. మనిషికి తోకే లేదు కదా అని నేను ఏనాడూ అనుకోలేదు. మూడో గడి కూడా నిండి ఉంది: 'చేపను తల దగ్గర గట్టిగా పట్టుకుంటే తల కదలదు, తోక మాత్రమే కొట్టుకుంటుంది. ప్రాణమంతా తోకలోకి వచ్చినట్టు ఉంటుంది.'

రెండుసార్లు చదివాను. కాదనడానికి నాకేమీ తట్టలేదు. ఆ క్షణంలో ఆ జాతీయానికి అంతకంటే సరైన కారణం మరొకటి ఉండే వీలే లేదనిపించింది. అప్పుడు చూశాను, మూడు గడులూ ఒకే నీలి పెన్నుతో రాసి ఉన్నాయి.

“ఇది పెన్సిలుతో రాయవలసిందమ్మా.”

“ఎందుకు సర్?”

నా పుస్తకం తెరిచి, పిల్లులూ కుక్కలూ ఉన్న పేజీ తీసి ఆమె ముందుకు జరిపాను.